వాయిస్ మెయిల్‌లో కిచకిచలు: వినపడని పేషెంటు పెట్టిన మెసేజ్ చదివేదెలా?

ప్రశ్న: న్యూజెర్సీలో ఒక డెంటల్ క్లినిక్‌లో ఫ్రంట్ డెస్క్ చూస్తాను. మాది గుంటూరు. మా పేషెంట్లలో డెబ్బై దాటిన పెద్దాయన ఒకరున్నారు, ఆయనకు బొత్తిగా వినపడదు. పోయిన నెల కౌంటర్ దగ్గరికొచ్చి, ఇన్ని మెసేజ్‌లు పెట్టినా ఒక్కదానికీ జవాబు లేదేమని కాగితం మీద రాసి చూపించారు. వెతికితే వాయిస్ మెయిల్‌లో ఒకటి మిగిలి ఉంది. అందులో మాట లేదు, కిచకిచమని కూతలు తప్ప. అలాంటివి ఫ్యాక్స్ అనుకుని ఎప్పటికప్పుడు తీసేస్తున్నాం. ఆయన టీటీవై అనే మెషీన్ వాడతారట. డాక్టరు గారు ఆ పని నా నెత్తిన పెట్టారు. ఆ మెసేజ్ చదవడం ఎలా? మేమూ మెషీన్ కొనాలా? మేం ఫోన్ చేసి మెసేజ్ పెడితే ఆయనకు అందుతుందా? ‘రిలే’ అంటూ వచ్చిన కాల్స్ టెలిమార్కెటింగ్ అనుకుని పెట్టేశాను. అవి కూడా ఆయనవేనా?
– ఒక పాఠకురాలు, ఎడిసన్

జవాబు: అవీ ఆయనవే అయ్యుంటాయమ్మా. రిలే అంటే మధ్యలో ఒక ఆపరేటరు ఉండి, వినపడనివాళ్లు టైపు చేసింది చదివి వినిపించే ఫోన్ సర్వీసు. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ మిగిలిన మెసేజ్‌ని సేవ్ చేసి పెట్టండి. చాలా సిస్టమ్స్ విన్న మెసేజ్‌లను కొన్నాళ్లకు వాటంతటవే చెరిపేస్తాయి. ఈమెయిల్‌కి పంపుకుని దాచుకుందామని మాత్రం అనుకోకండి. అలా పంపేటప్పుడు సైజు తగ్గించడానికి శబ్దాన్ని తరచుగా కుదిస్తారు. మనిషి గొంతైతే తట్టుకుంటుంది, ఈ కూతలు తట్టుకోవు.

మీరు టీటీవైని ఇదివరకు చూసి ఉండకపోవడంలో వింతేమీ లేదు. మనవైపు అది వాడుకలోకే రాలేదు. అక్కడి బధిరుల్లో ఎక్కువమంది ఉత్తరాలు, ఎస్‌ఎమ్మెస్‌ల నుంచి నేరుగా వాట్సాప్ వీడియో కాల్‌కి వచ్చేశారు. అమెరికాలో మాత్రం ఒక తరం బధిరులు ఫోన్‌లో మాట్లాడుకున్నది ఈ మెషీన్‌తోనే. చిన్న టైప్‌రైటర్‌లా ఉంటుంది. పైన ఒక వరుస అక్షరాలు కనబడే తెర, దాని వెనక ఫోన్ రిసీవర్ పెట్టడానికి రెండు రబ్బరు గిన్నెలు. ఇటు టైపు చేస్తే కూతలుగా మారి ఫోన్ లైన్‌లో వెళ్తుంది, అటు మెషీన్ ఆ కూతల్ని మళ్లీ అక్షరాలు చేస్తుంది. మీ డాక్టరు గారికి ఒక మాట చెప్పండి, ఆసక్తిగా వింటారు: 1964లో దీన్ని పట్టాలెక్కించిన ముగ్గురిలో ఒకాయన పళ్ల డాక్టరే. పేరు జేమ్స్ మార్‌స్టర్స్, కాలిఫోర్నియాలోని పాసడీనాలో వంకర పళ్లు సరిచేసే ఆర్థోడాంటిస్టు. ఆయనకూ వినపడదు. ఆయనతో చేతులు కలిపిన భౌతికశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వైట్‌బ్రెక్ట్, ఇంజనీరు ఆండ్రూ సాక్స్ కూడా బధిరులే. టెలిఫోన్ కంపెనీ తన లైన్లకు బయటి పరికరం తగిలించనిచ్చేది కాదు. అందుకే తీగ కలపకుండా, రిసీవర్‌కి శబ్దం వినిపించి పని కానిచ్చే ఈ రబ్బరు గిన్నెల ఉపాయం. మొదట్లో వాడిన మెషీన్లు మన పత్రికాఫీసుల్లో వార్తలు కొట్టిపెట్టిన టెలిప్రింటర్ల లాంటివే, అవతల పారేసిన పాతవి. టీటీవై కోడ్ కూడా ఆ వంశందే. ఒక్కో అక్షరానికి అయిదు బిట్లు.

ఇక ఫ్యాక్స్‌కీ దీనికీ తేడా. ఫ్యాక్స్ మెషీన్ పొరపాటున మీకు డయల్ చేస్తే ఒకే స్వరంలో అర సెకను కూత, మూడు సెకన్లు మౌనం, మళ్లీ అర సెకను కూత, ఇలా గడియారం కొట్టినట్టు వస్తుంది. టీటీవైలో రెండు స్వరాలు (1400, 1800 హెర్ట్జ్) గబగబా కలగలిసి వణుకుతూ వినిపిస్తాయి. పైగా మనిషి టైపు చేసినప్పుడే వస్తాయి. కాసేపు గలగల, ఆయన ఆలోచించుకుంటుంటే నిశ్శబ్దం, మళ్లీ గలగల. ఒక్కోసారి మొదట్లో విడివిడిగా నాలుగైదు చిన్న కూతలు వినపడతాయి. ‘ఇది టీటీవై కాల్’ అని అవతలివాళ్లకు తెలియాలని స్పేస్ బార్ కొడతారు, అవే అవి. మీ డెస్క్‌లో అందరికీ ఆ మెసేజ్ ఒక్కసారి వినిపించండి, చాలు. తర్వాత ఎవరూ పొరబడరు.

చదవాలంటే టీటీవై కావాలి. వాయిస్ మెయిల్‌కి ఫోన్ చేసి, మెసేజ్ మొదలవ్వబోతుండగా రిసీవర్‌ని గిన్నెల్లో సరిగ్గా కూర్చోబెట్టాలి. తీగ ఉన్న కొస ఎటు ఉండాలో మెషీన్ మీద బొమ్మ ఉంటుంది. స్పీకర్ ఫోన్ ఆన్ చేసి దగ్గర పెట్టడం వద్దు. క్లినిక్‌లో సక్షన్ మోత, డ్రిల్లు మోత కూడా అక్షరాలై కూర్చుంటాయి.

తెర మీద అంకెలూ గుర్తులూ కలగాపులగంగా వస్తే మెషీన్ చెడిపోయిందని కంగారుపడకండి. అయిదు బిట్లతో 32 సంకేతాలే వస్తాయి. ఇంగ్లీషు అక్షరాలకే ఇరవై ఆరు పోతే అంకెలకు చోటేది? అందుకని ఒకే సంకేతానికి ఒక అక్షరం, ఒక అంకె రెండూ ఇచ్చి, ఇప్పుడు ఏది చదవాలో చెప్పడానికి వేరే ‘షిఫ్ట్’ సంకేతం పెట్టారు. లైన్‌లో గరగరకు ఆ ఒక్క షిఫ్ట్ పోయిందంటే తర్వాతివన్నీ తారుమారు. కీబోర్డు పైవరుసలో క్యూ అంటే 1, డబ్ల్యూ అంటే 2, ఈ 3, ఆర్ 4, టీ 5, వై 6, యూ 7, ఐ 8, ఓ 9, పీ 0. ఆయన మంగళవారానికి ‘టీ యూ ఈ’ అని కొడితే మీకు 573 కనబడొచ్చు. మీ మెషీన్ మీద స్పేస్ బార్ ఒకటి రెండుసార్లు కొడితే మళ్లీ అక్షరాల్లోకి వస్తుంది. అప్పుడు మెసేజ్‌ని మొదటి నుంచి ఇంకోసారి ప్లే చేయండి. ఇది తిరగబడి కూడా జరుగుతుంది. 4:30కి వస్తానని ఆయన రాస్తే మీకు ‘ఆర్ సీ ఈ పీ’ అని పడొచ్చు (మధ్యలో చుక్కల గుర్తుకి సీ). టైములు, ఫోన్ నంబర్లు, మందు మోతాదులు ఏవైనా సరే, టీటీవై మెసేజ్‌లో చూసిన అంకెను ఒకసారి అడిగి రూఢి చేసుకోకుండా రాసుకోవద్దు. అలవాటున్నవాళ్లు అంకెల్ని రెండుసార్లు కొడతారు.

మాటల చివర ‘జీఏ’ అని కనబడితే ‘ఇక నువ్వు చెప్పు’ అని. ఒకే సమయంలో ఇద్దరూ టైపు చేస్తే కూతలు కలిసిపోతాయి కాబట్టి వంతు అప్పగించడానికి ఇది పెట్టుకున్నారు. ‘ఎస్‌కే’ అంటే ఇక పెట్టేస్తున్నాననడం.

అయితే అమ్మా, మెషీన్ తెచ్చినంతమాత్రాన మీ వాయిస్ మెయిల్ దారికి రాదు. చిక్కంతా అక్కడే ఉంది. మీ ఫోన్ సిస్టమ్ చూసే కుర్రాడికి ఈ కింది నాలుగు మాటలూ చదివి వినిపించండి.

మొదటిది టైము. టీటీవై సెకనుకి ఆరు అక్షరాలు పంపగలదు, నిమిషానికి అరవై పదాలు. అది మెషీన్ చెయ్యగలిగిన వేగం. రెండు వేళ్లతో కొట్టే పెద్దాయన అందులో సగం చేస్తే గొప్ప. మీ మెయిల్‌బాక్సు నిమిషానికే ‘థాంక్యూ’ చెప్పి కట్ చేస్తుంటే ఆయన పేరు, నంబరు, ఏ పన్ను నొప్పో చెప్పేలోగా అయిపోతుంది. నాలుగైదు నిమిషాలు పెట్టించండి. దీనికన్నా ముఖ్యం, నిశ్శబ్దం వస్తే రికార్డింగ్ ఆపేసే సెట్టింగ్. మోడెమ్‌లా టీటీవై లైన్‌లో ఎప్పుడూ కూస్తూ ఉండదు, వేలు పడినప్పుడే కూస్తుంది. ఆయన కళ్లద్దాలు సర్దుకునేలోగా మీ సిస్టమ్ మనిషి వెళ్లిపోయాడనుకుని లైన్ తీసేస్తుంది. ఆయనకేమో ఆ సంగతి వినపడదు, ఖాళీ లైన్‌లో చివరిదాకా టైపు చేసి, మెసేజ్ పెట్టాననే అనుకుంటారు. ‘ఇన్ని మెసేజ్‌లు పెట్టినా’ అని ఆయన రాసినవాటిలో కొన్ని ఇలా పోయినవీ ఉండొచ్చు. ఆ సెట్టింగ్ తీసేయించండి, లేదా ఎంత ఎక్కువ పెట్టగలిగితే అంత పెట్టించండి.

రెండోది కుదింపు. ఇంటర్నెట్ ఫోన్లలో జీ.711 అనే పద్ధతిలో శబ్దం దాదాపు యథాతథంగా వెళ్తుంది. జీ.729 లాంటివి మనిషి గొంతుకు తగ్గట్టు కుదిస్తాయి, అందులో టీటీవై కూతలు నలిగిపోతాయి. కాల్‌కీ రికార్డింగ్‌కీ రెంటికీ జీ.711 ఉండాలి. నేపథ్య శబ్దాన్ని తగ్గించే సదుపాయాలు ఉంటే అవీ ఈ లైన్‌కి వద్దు. ఇంకో సంగతి. ఇంటర్నెట్ ఫోన్ మాటని మామూలుగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా పంపుతుంది. టీటీవైలో ఒక్క బిట్టు నిడివి 22 మిల్లీసెకన్లు. అంటే ఒక్క ముక్క దారిలో పోయినా ఒక అక్షరం మరో అక్షరమైపోతుంది. మీరూ నేనూ మాట్లాడుకుంటుంటే అదే ముక్క పోయినా మనకు తెలియనైనా తెలియదు. ‘మా లైన్లు బ్రహ్మాండంగా ఉన్నాయి, గొంతు స్పష్టంగా వినపడుతోంది’ అని ఆ కుర్రాడంటే అందుకే ఒప్పుకోకండి. వాయిస్ మెయిల్‌ని అక్షరాలుగా మార్చి ఈమెయిల్ చేసే సదుపాయం ఉన్నా, అది మనిషి మాటకోసం పెట్టింది. టీటీవై కూతలకు ఖాళీగానో అర్థంలేని ముక్కలుగానో వస్తుంది. దాన్ని చూసి ‘ఖాళీ మెసేజ్’ అని తీసేసేవాళ్లూ ఉన్నారు.

మూడోది ‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’. వినపడని మనిషికి ఆ మెనూ ఏం చెబుతోందో తెలియదు. కాబట్టి ఏ బటనూ నొక్కకుండా ఊరికే ఉన్న కాల్‌ని పెట్టేయకుండా, మెసేజ్ పెట్టే చోటికి చేర్చేలా చేయించండి. చాలా క్లినిక్‌లలో రెండుసార్లు మెనూ చదివి ‘గుడ్ బై’ అనేస్తుంది. టీటీవై కాల్స్ అక్కడే ఎక్కువ ఆగిపోతాయి.

నాలుగోది, పలకరింపు. మామూలుగా ‘బీప్ వచ్చాక మాట్లాడండి’ అంటాం. ఆయనకు బీప్ లేదు కదా. మెషీన్ మీద చిన్న దీపం లైన్‌లో శబ్దం ఉన్నప్పుడల్లా మిణుకుతుంది. మాటా, మ్యూజిక్కా, బీపా అన్నది అది చెప్పదు. అందుకని పలకరింపు రెండు భాగాలుగా రికార్డు చేయండి. ముందు మీ గొంతు, క్లుప్తంగా: క్లినిక్ పేరు, ఇప్పుడు వినబడే కూతలు టీటీవై వాడేవాళ్ల కోసం, బీప్ దాకా ఆగండి అని. వెంటనే రిసీవర్‌ని గిన్నెల్లో పెట్టి టైపు చేసిన సందేశం: క్లినిక్ పేరు, మీ పేరూ నంబరూ సంగతీ రాయండి, జీఏ. ఆ జీఏ చూసి ఆయన మొదలుపెడతారు. చాలా మెషీన్లలో వాక్యాన్ని ముందే టైపు చేసి దాచుకుని ఒక్క బటన్‌తో పంపే వీలుంటుంది. రికార్డింగ్ అప్పుడు అది వాడండి, మధ్యలో తడబాట్లుండవు. గొంతు ముందు ఎందుకంటే, కూతలు ముందు వస్తే వినపడేవాళ్లంతా రాంగ్ నంబరనుకుని పెట్టేస్తారు. పండగ సెలవులు, ఇన్సూరెన్సు వివరాలు, కొత్త బ్రాంచి అడ్రసు ఈ పలకరింపులోంచి తీసేయండి. అవి సాగినంతసేపూ ఆయన మిణుకుతున్న దీపాన్ని చూస్తూ కూర్చోవాలి.

ఇదంతా చదివి ‘ఒక్క పేషెంటు కోసమా’ అని డాక్టరు గారు అనొచ్చు. తప్పేం లేదు, మెషీన్‌కి కొన్ని వందల డాలర్లవుతుంది. మీరు టీటీవై కొని తీరాలని చట్టం చెప్పలేదు. 1990 నాటి వికలాంగుల చట్టం, ఏడీఏ అంటారు, దాని 2010 నిబంధనల ప్రకారం ప్రైవేటు క్లినిక్ కాల్స్ చేయడానికీ అందుకోవడానికీ రిలే సర్వీసును వాడుకోవచ్చు. కానీ అవే నిబంధనలు ఇంకో రెండు మాటలు చెప్పాయి. ఆటోమేటిక్ మెనూలు, వాయిస్ మెయిల్ పెట్టుకుంటే అవి టీటీవైతోనూ రిలేతోనూ పనిచేసేలా ఉండాలి. రిలే నుంచి వచ్చిన కాల్‌కి మామూలు కాల్‌కి ఎలా పలుకుతారో అలాగే పలకాలి. మీరు పెట్టేసిన కాల్స్ ఈ రెండో మాట కిందికొస్తాయి.

నన్నడిగితే, ముందు రిలేతో మొదలుపెట్టండి. రూపాయి ఖర్చు లేదు. అమెరికాలో ఎక్కడ్నుంచైనా 711 కొడితే రిలే ఆపరేటరు పలుకుతారు. 2001 అక్టోబరు నుంచి దేశమంతటా ఇదే నంబరు. మీ ఆఫీసు సిస్టమ్‌లో బయటి కాల్‌కి ముందు 9 కొట్టాలేమో, అసలు 711ని అది గుర్తిస్తుందో లేదో, ఇవాళే ఒకసారి కొట్టి చూడండి. గుర్తించకపోతే అదే కుర్రాడితో పెట్టించండి. ఆయన నంబరు చెప్పండి, మీరు మాట్లాడింది ఆపరేటరు ఆయనకు టైపు చేస్తారు, ఆయన టైపు చేసింది మీకు చదువుతారు. మీ వంతు అయ్యాక ‘గో అహెడ్’ అనండి. ‘ఆయన్ని రేపు రమ్మని చెప్పండి’ అని ఆపరేటరుతో అనకండి. ‘మీరు రేపు రాగలరా’ అని ఆయనతోనే మాట్లాడుతున్నట్టు అనండి. ఆపరేటరు విన్నది విన్నట్టు టైపు చేయాలి. మీరు పక్కకు తిరిగి విసుక్కున్నా అదీ అటు చేరుతుంది. కాల్ అయ్యాక అందులోని మాటల్ని దాచుకోకూడదు, ఎవరికీ చెప్పకూడదు. పేషెంటు వివరాలు రిలే ద్వారా మాట్లాడటానికి క్లినిక్ వాళ్లతో వేరే హిపా (పేషెంట్ల వివరాల గోప్యతా చట్టం) ఒప్పందం రాసుకోనక్కర్లేదని ఫెడరల్ ఆరోగ్య శాఖే స్పష్టం చేసింది. ఈ ఒక్క మాటతో మీ ఆఫీసు మేనేజరు సగం అభ్యంతరాలు తీరిపోతాయి.

ఆయన ఎత్తకపోతే? మీరు నేరుగా ఫోన్ చేసి గొంతుతో మెసేజ్ పెడితే అదేమీ వృథా కాదు, కానీ ఆయనకు శ్రమ. ఆయన రిలేకి ఫోన్ చేసి, తన వాయిస్ మెయిల్ నంబరూ పిన్నూ ఇచ్చి, ఆపరేటరు విని టైపు చేస్తే చదువుకోవాలి. ఇంట్లో పాతకాలం ఆన్సరింగ్ మెషీన్ అయితే దాని స్పీకర్ దగ్గర రిసీవర్ పట్టుకుని వినిపించాలి. రిలే సంస్థలు ఈ సాయం చేసి తీరాలని ఎఫ్‌సీసీ (అమెరికాలో ఫోన్ సర్వీసుల్ని నియంత్రించే సంస్థ) నియమమే ఉంది. అదే మీరు 711 ద్వారా వెళ్తే, ఆయన టీటీవైకి ఆన్సరింగ్ సదుపాయం ఉంటే మెసేజ్ అక్షరాల్లోనే పడి ఉంటుంది. ఏ దారైనా క్లినిక్ పేరు, నంబరు, ‘ఫోన్ చేయండి’ అంతవరకే పెట్టండి. రూట్ కెనాల్ సంగతులు మెసేజ్‌లో వద్దు.

ఆయన రిలే ద్వారా మీకు చేసినప్పుడు మీ రికార్డింగ్ అడ్డొస్తే ఆపరేటరు దాన్ని రికార్డు చేసుకుని, నిదానంగా టైపు చేసి, ఏ బటన్ నొక్కాలో ఆయన్నడిగి మళ్లీ చేస్తారు. అదనపు కాల్స్‌కి ఆయన దగ్గర డబ్బు తీసుకోకూడదు. కానీ మీ మెనూ పొడుగైతే ఇదంతా పదేసి నిమిషాలు. పలకరింపు కత్తిరించమన్నది అందుకు కూడా.

రిలే కాల్ ఎత్తినప్పుడు ఎలా ఉంటుందో మీ డెస్క్ అమ్మాయిలకు చెప్పండి: హలో అన్నాక రెండు మూడు సెకన్లు ఏమీ వినపడదు, తర్వాత ఎవరో పరాయి గొంతు ఒక ఆపరేటరు నంబరు చదివి, రిలే కాల్ అని, ఇంతకుముందు రిలే ద్వారా మాట్లాడారా అని అడుగుతుంది. అచ్చం ఏదో అమ్మజూపేవాళ్ల తీరే. బ్యాంకుల్లోనూ ఆస్పత్రుల్లోనూ కూడా ఈ కాల్స్ పెట్టేస్తూనే ఉంటారు, బధిరుల ఫిర్యాదుల్లో ఇది పాతది. ‘రిలే’ అన్న మాట చెవిన పడితే చాలు, లైన్ మీద ఉండాలి.

మెషీన్ కొనేముందు ఆయన్నే అడగండి, మీకు ఎలా అయితే వీలు అని. ఇప్పుడు బధిరుల్లో చాలామంది టీటీవై వదిలేశారు. సైగల భాష వచ్చినవాళ్లు వీడియో రిలేలో దుబాసీతో మాట్లాడుతున్నారు, వీడియో మెసేజ్‌లు పెట్టుకుంటున్నారు. ఐఫోన్లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఆర్‌టీటీ అని ఉంది, ఒక్కో అక్షరం కొట్టగానే అటు కనబడుతుంది. సెల్‌ఫోన్ కంపెనీలు టీటీవై బదులు దాన్ని ఇవ్వొచ్చని ఎఫ్‌సీసీ 2016 డిసెంబరులో అనుమతించింది. ఆయన మామూలు టెక్స్ట్ మెసేజ్ చాలంటే మీ అపాయింట్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లో అది ఎలాగూ ఉండే ఉంటుంది. కానీ పెద్ద వయసులో వినికిడి పోయి, సైగలు రాక, చేతికి అలవాటైన మెషీన్ మీదే ఉన్నవాళ్లు కొందరున్నారు. ఆయన అలాంటివారైతే ‘సెల్‌ఫోన్ కొనుక్కోండి’ అనడం మీ పని కాదు. అప్పుడు పైన చెప్పిన నాలుగు మార్పులూ చేయించి, మెషీన్ తెప్పించండి.

అన్నీ అయ్యాక పరీక్ష కూడా ఆయనతోనే పెట్టించుకోండి. ఒక సాయంత్రం క్లినిక్ మూసేశాక మెసేజ్ పెట్టమనండి. అందులో కొన్ని అంకెలు, ఒక టైము, మధ్యలో ఉద్దేశపూర్వకంగా పది సెకన్ల విరామం ఉండేలా చూడమనండి. మర్నాడు దాన్ని మీ మెషీన్‌తో చదివి, ప్రింటు తీసో కాగితం మీద రాసో ఆయనకు చూపించండి. ఎక్కడ అక్షరాలు తారుమారయ్యాయో, ఎక్కడ తెగిపోయిందో చూస్తే ఆ నాలుగింటిలో ఏది ఇంకా మిగిలిందో ఫోన్ కుర్రాడికి అక్కడే దొరుకుతుంది.